వరద తర్వాతి భోజనం

సిరిల్ హాత్‌వే అనే ఇంగ్లీషు నటుడు ముప్ఫై ఎనిమిది సినిమాల్లో వేశాడట. వాటిలో పదకొండు నా చేతి మీదుగా ఆడాయి. వంశధార ఒడ్డున మా ఊళ్ళో రేకుల హాలు ఉండేది. మద్రాసులో సినిమా డిపోలో రెండేళ్ళు పనిచేసి వచ్చాక ఆ హాల్లో ఆపరేటరుగా చేరాను. ఆదివారం ఉదయం ఆటకి అరిగిపోయిన పాత ఇంగ్లీషు ప్రింట్లు వచ్చేవి. అద్దె తక్కువ. జనానికి ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. అందుకని హాత్‌వే పేరు ఎవరికీ నోరు తిరగలేదు. నిమ్మళపాయన అనేవారు. తెర మీద ఆయన తొందరపడగా ఎవరూ చూడలేదు.

ఇప్పుడు సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో మా అమ్మాయి ఉజ్వల ఫ్లాట్‌లో ఉంటున్నాం, నేనూ నా భార్య తారాదేవీ. ఉజ్వల బ్యాంకులో పనిచేస్తుంది. ఒక గది తన్మయి అనే కరీంనగరం పిల్లకి అద్దెకిచ్చింది. తన్మయి యూనివర్సిటీలో పాత సినిమాల మీద పరిశోధన చేస్తోంది. ఆ పిల్ల వచ్చిన నెలకి, ఒక పొద్దున బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో ఒక మొహం కనబడితే చేతిలో ఇడ్లీ పళ్ళెంతో అలాగే ఆగిపోయాను.

“ఏంది అంకుల్, ఎరుకనా ఈయన?”

“నిమ్మళపాయన” అన్నాను.

తారాదేవి వంటింట్లోంచి తొంగి చూసింది. “ఏటనుకున్నావు తల్లీ, ఆయన ఈయనకి గురువు. ఈ మనిషి నాతో ఆడిన మాటలు ఒక డైరీలో పట్టేస్తాయి. ఆయన సినిమాలు మాత్రం ఒక్కోటీ ఇరవైసార్లు చూశాడు.”

ఎగతాళే కానీ అబద్ధం కాదు. చిన్నప్పటి నుంచీ నాకు మాట తక్కువ. మా ఊళ్ళో మాట తక్కువైతే బుర్ర తక్కువ అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి, హాత్‌వేని చూసేదాకా. ఒక సినిమాలో ఆయన జడ్జి. రెండు నిమిషాల వేషం. కోర్టు వరండాలో ఎవరిదో టోపీ కింద పడి ఉంటుంది. అందరూ దాటుకుని పోతారు. ఆయన వంగి తీసి, దుమ్ము దులిపి, కొయ్యకి తగిలించి లోపలికి పోతాడు. అంతే. హాల్లో రిక్షావాళ్ళు కూడా “మంచోడురా” అన్నారు. ఒక్క మాట మాట్లాడకుండా మనిషి తెలిసిపోతాడని అప్పుడు నాకు తెలిసింది.

పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు తారాదేవి వాళ్ళ మామ్మ చేతికర్ర జారి మట్టిలో పడింది. అందరూ కట్నాల గురించీ కొబ్బరితోట గురించీ మాట్లాడుకుంటున్నారు. నేను లేచి కర్ర తీసి, పిడికి అంటిన మట్టి నా కండువాతో తుడిచి, ఆవిడ చేతికిచ్చి కూర్చున్నాను. తలుపు చాటునుంచి చూసిన పిల్ల “ఈయన్నే చేసుకుంటాను” అందట. ఆ పని నేను ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు. నలభై నాలుగేళ్ళ కాపురం ఆయన పెట్టిన భిక్ష అనుకుంటాను.

తన్మయికి ఇదంతా తారాదేవే చెప్పింది.

తన్మయి తన సంగతి చెప్పింది. హాత్‌వే మొదట్లో పెద్ద హీరో. యాభై ఏడులో ఒక సినిమా తీశారు, ఒక పల్లెటూరి డాక్టరు కథ. కంపెనీ దివాలా తీసింది. ఆ సినిమా లండన్‌లో ఆడనే లేదు. ఒకటి రెండు ప్రింట్లు ఇటు తూర్పు దేశాలకి వచ్చాయి. ఇక్కడ చూసిన ఒక పత్రికాయన, “హాత్‌వే తాగి నటించాడు, కారణం లేకుండా ఏడుస్తాడు, చేతులు వణుకుతాయి, ఇక ఈయన పని అయిపోయింది” అని రాశాడు. ఆ ముక్క లండన్ దాకా పాకింది. ఆ తర్వాత ఆయనకి హీరో వేషం రాలేదు. జడ్జి, స్టేషన్ మాస్టరు, నౌకరు, అంతే. డెబ్బై తొమ్మిదిలో పోయాడు. ఈనాటికీ పుస్తకాల్లో అదే మాట, తాగుడు వల్ల చెడిపోయిన నటుడని.

“ఆ సినిమా ఇప్పుడు దొరికింది అంకుల్. హౌగాంగ్‌ల కో అంకుల్ అని ఒక ముసలాయన దగ్గర ఎనిమిది డబ్బాలున్నయి. మా యూనివర్సిటీకి ఇచ్చిండు. నడిమిట్ల రీళ్ళ సౌండ్ ఖరాబైంది, బొమ్మ మాత్రం మంచిగనే ఉంది. శనివారం చూపిస్తున్నం. ముందుగాల నేనే మాట్లాడాలె. సోమవారం నాడు ఆ చాప్టర్ పంపాలె.”

“ఏం మాట్లాడతావు?” అన్నాను.

“ఏముంది, ఆ పత్రికాయన రాసింది నిజమే అని. నేను చూసిన కదా. నిజంగనే తాగినట్టున్నడు.”

బుధవారం సాయంత్రం నాకూ చూపించింది. తారాదేవి పక్కన కూర్చుని బీన్స్ తుంచుతోంది. మొదటి రెండు రీళ్ళు బాగున్నాయి. డాక్టరు, ఆయన భార్య, ఏటి ఒడ్డున ఊరు. మూడో రీల్లో విందు. ఊరి పెద్దలందరూ బల్ల చుట్టూ కూర్చుని నవ్వుతున్నారు, డాక్టరు కోసం గ్లాసులు ఎత్తుతున్నారు. ఆయన చెంచా పట్టుకుంటే చెయ్యి వణికింది. కన్నీళ్ళు కారాయి. ఏమీ జరగలేదు, ఎందుకు ఏడుస్తున్నాడో తెలియదు. చూడ్డానికి ఇబ్బందిగా ఉంది. నాలుగో రీల్లో వరద. ఏరు పొంగింది. పడవలు, కేకలు. డాక్టరు జనాన్ని ఒడ్డుకి చేర్చి వచ్చేసరికి భార్య కొట్టుకుపోయింది.

“చూసిన్రా?” అంది తన్మయి.

“ఆ విందు మళ్ళీ పెట్టు.”

పెట్టింది. నేను ఆయన మొహం చూడలేదు, ఆయన వెనకాల గోడ చూశాను. నడుమెత్తున, గది ఈ మూల నుంచి ఆ మూలకి, తిన్నగా ఒక గీత. గీతకి పైన సున్నం తెల్లగా ఉంది. కింద మాసి, పొక్కులు లేచి ఉంది. అలాంటి గీత మా ఇంటి గోడకి మూడుసార్లు పడింది. నీళ్ళు నిలబడి తీస్తేనే అలా పడుతుంది.

నాకు సంగతి తెలిసిపోయింది. తెలిసింది ఆయన గురించి మాత్రమే కాదు.

“ఏటి, అన్నం సగంలో ఒదిలేశావు?” అంది ఆ రాత్రి తారాదేవి. ఏమీ లేదన్నాను.

మర్నాడు పొద్దున బ్లాక్ కింద రాతిబల్ల దగ్గర తన్మయి బస్సుకి వెళ్తుంటే ఆపాను.

“నీళ్ళొచ్చినాకే ఆ భోజనం. మూడూ నాలుగూ రీళ్ళు తారుమారయ్యాయి.” గోడ సంగతి చెప్పాను.

తన్మయి ఫోన్‌లో ఆ బొమ్మ తీసి పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. “గీత అయితే ఉంది. కానీ అంకుల్, డబ్బాల మీద ఎర్ర రంగుతోటి నంబర్లున్నయి. రీళ్ళ మొదట్ల వరస చెప్పే ముక్కలు ఎప్పుడో తెగినయి, ఆ నంబర్లే మాకు ఆధారం. ఎవరో పొరపాటున తారుమారు చేసిన్రంటరా?”

“పొరపాటు కాదు.”

“మరి?”

ఇక చెప్పక తప్పలేదు. “మేం కావాలనే మార్చీవోళ్ళం. నాలుగు రీళ్ళయ్యాక ఇంటర్వెల్. దాని ముందు నెమ్మదైన రీలు పడితే జనం లేచి ఇంటికి పోతారు. సోడా కొట్టువాడు ఏడుస్తాడు, ఓనరు తిడతాడు. అందుకని ఫైటో, పడవలో, మంటలో ఉన్న రీలు తీసుకొచ్చి ఇంటర్వెల్ ముందు పెట్టీవోళ్ళం. ఇంగ్లీషు సినిమా కదా, మాటలు ఎవరికీ అర్థం కావు, కథ ఎటు తిరిగినా అడిగేవాడు లేడు. డబ్బా మీద కొత్త నంబరు వేసేవాణ్ణి. మళ్ళీ అది పై ఊరికి అలాగే పోయేది.”

“మీరు కూడనా? ఈయన సినిమాలకా?”

“ఈయనవే నాలుగు.”

తన్మయి బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఎక్కలేదు. గురువంటాడు, గురువు కథనే ముక్కలు చేశానంటాడు, అనుకుని ఉంటుంది. ఆమె అనలేదు, నేనే అనుకున్నాను. చివరికి “కో అంకుల్ దగ్గరికి పోదాం పాండ్రి” అంది.

రైలెక్కి హౌగాంగ్ వెళ్ళాం. కో అంకుల్‌కి ఎనభై ఆరేళ్ళు. చిన్నప్పుడు మలయా రబ్బరు తోటల్లో తమిళుల మధ్య పెరిగాడట, తమిళం ధారాళంగా వచ్చు. నాకు మద్రాసు తమిళం కొద్దిగా ఉంది. ముగ్గురికీ కాఫీ కలిపి, రేకు డబ్బాలోంచి బిస్కెట్లు పెట్టాడు. ఆయన కుడి బొటనవేలి గోరు కింద తెల్లటి మచ్చ ఉంది. ప్రొజెక్టరు దీపంలో వేడి ఆర్క్ కడ్డీలు మార్చిన చెయ్యి అది. నాదీ అలాగే ఉంటుంది.

“డబ్బాల మీద ఎర్ర నంబర్లు ఎవరు వేశారు?” అని తమిళంలో అడిగాను.

“నేనే.”

“మూడూ నాలుగూ మార్చావు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “నువ్వేం పని చేసేవాడివి?”

“అదే పని.”

“అయితే ఎందుకు మార్చానో నువ్వే చెప్పు.”

“ఇంటర్వెల్.”

కో అంకుల్ తొడ మీద చరుచుకుని నవ్వాడు. మైదానంలో తెర కట్టి ఆడించేవాడట. మొదటి ఆటకి విందు రీలు అవగానే దీపాలు వేస్తే సగం మంది చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారట. రెండో ఆటకి వరద రీలుని ఇంటర్వెల్ ముందుకి జరిపాడట. “ఒక్కడు కదల్లేదు. ఐసు గడ్డల వాడు నాకు ఊరికే ఒక గ్లాసు ఇచ్చాడు.”

“ఏమంటున్నడు?” అంది తన్మయి. చెప్పాను. ఆమె ఫోన్ తీసి పత్రికాయన రాసింది ఇంగ్లీషులో చదివి వినిపించింది. కో అంకుల్ నవ్వు ఆగిపోయింది.

“ఆ పేపర్ మనిషి నాకు గుర్తున్నాడు” అన్నాడు నెమ్మదిగా. “రెండో ఆటకే వచ్చాడు. అందరూ చాపల మీద కూర్చుంటే ఆయనకి నేనే కుర్చీ వేశాను.”

బిస్కెట్ డబ్బా మూత పెట్టాడు. తర్వాత తన్మయి వైపు తిరిగి, నాకూ అర్థమయ్యే ముక్కల ఇంగ్లీషులో అడిగాడు. “ఆ నటుడు పోయాడా?”

“పోయిండు అంకుల్. ఎప్పుడో.”

“అయితే ఇప్పుడు సారీ ఎవరికి చెప్పాలి?”

నాకు ఇంకో బాధ కూడా పట్టుకుంది. ఆ కుర్చీ, ఆ రాత, ఆ తర్వాతే ఆయనకి రెండు నిమిషాల వేషాలు. టోపీ తీసిన జడ్జి ఆ కాలపు వేషమే. ఆయన నష్టంలోంచే నా బతుకు వచ్చింది.

బయటికి వచ్చేముందు తన్మయి అంది, “శనివారం నాడు మీ పేర్లు చెప్పనులెండి. ఎవరో ఆపరేటర్లు అంట. సరేనా?”

“చెప్పు” అన్నాను.

“ఊళ్ళె నవ్వుతరు అంకుల్.”

“చెప్పు.”

ఈ మాట కో అంకుల్‌కి తమిళంలో చెప్పాను. ఆయన ఒక కాగితం మీద తన పూర్తి పేరు రాసి ఆమె చేతికిచ్చాడు.

శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ చిన్న హాలు. అరవై మంది దాకా వచ్చారు. నేనూ కో అంకుల్ చివరి వరసలో కూర్చున్నాం, తారాదేవి నా పక్కన. తన్మయి లేచి, రీళ్ళు మార్చిన సంగతీ, మార్చినవాళ్ళ అలవాటూ, మా ఇద్దరి పేర్లూ చెప్పింది. కొందరు వెనక్కి తిరిగి చూశారు. నేను తెర చూస్తూ కూర్చున్నాను.

ఈసారి వరద ముందు వచ్చింది, విందు తర్వాత. అదే మనిషి, అదే చెంచా. చెయ్యి వణుకుతుంటే రెండో చెయ్యి దాని మీద పెట్టాడు, పక్కవాళ్ళ పిల్లని ఊరుకోబెట్టినట్టు. చుట్టూ వాళ్ళు ఆయన్ని మెచ్చుకుంటున్నారు. ఆయన పక్క కుర్చీ ఖాళీ. మొన్న అది నాకు కనబడనే లేదు. హాల్లో ఎవరూ కదల్లేదు. తారాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీపాలు వేశాక ముందు వరసలో ఒక ప్రొఫెసరు లేచాడు. మర్యాదగానే అడిగాడు. ఇద్దరు పెద్దమనుషుల జ్ఞాపకం తప్ప వేరే రుజువుందా, ఇలా కూడా అమర్చవచ్చు, అలా కూడా అమర్చవచ్చు కదా అని. తన్మయి బొమ్మ వేసి గీత చూపించింది. అది సెట్టు గోడ మాసిపోయి కూడా ఉండొచ్చు అన్నాడాయన. తన్మయి తడబడింది. నావైపు తిరిగి ఆయన అన్నది తెలుగులో చెప్పింది.

నేనెప్పుడూ హాల్లో నిలబడి మాట్లాడలేదు. ఆపరేటరుకి ఆ అవసరం రాదు. లేచాను. తెలుగులోనే చెప్పాను.

“మాసిపోయిన గోడ మచ్చలు మచ్చలుగా ఉంటుంది. నీళ్ళు గీసిన గీత తిన్నగా ఉంటుంది. కుర్చీల కాళ్ళు చూడండి, అన్నీ ఒకే ఎత్తు దాకా నల్లబడ్డాయి. తలుపు కింద చెక్క ఉబ్బి మూసుకోవటం లేదు, వడ్డించేవాడు భుజంతో తోస్తున్నాడు. ఆ సెట్టు వేసినవాళ్ళు వరద చూసినవాళ్ళు. ఆయన కూడా చూసే ఉంటాడు. గీత పడ్డ ఇంట్లో మొదటిసారి అన్నానికి కూర్చున్నప్పుడు మా నాన్న చెయ్యి కూడా అలాగే ఉంది. మా నాన్న తాగేవాడు కాదు.”

తన్మయి ఇంగ్లీషులో చెప్పింది. ప్రొఫెసరు తలుపు తోసే చోటు మళ్ళీ వేయించుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు. తర్వాత మావైపు తిరిగి తలవంచి కూర్చున్నాడు.

రైల్లో తారాదేవి అంది, “పెళ్ళయిన కాడినుంచీ నాతో అంత పొడుగు మాట ఎప్పుడైనా ఆడావా?”

“ఆయన కోసం కదా” అన్నాను.

“అదే. నా కోసం కాదు.” అని నవ్వి, చేతిసంచి నా ఒళ్ళో పడేసింది.

సోమవారం పొద్దున తన్మయి చాప్టరు పంపే ముందు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆఖరి ముక్క తెలుగు చేసి వినిపించింది. సిరిల్ హాత్‌వే ఆ సినిమాలో ఒక్క చోట కూడా తడబడలేదనీ, భార్య పోయిన మనిషి భోజనానికి కూర్చుంటే ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడనీ, తడబడింది ఆయన్ని చూపించినవాళ్ళేననీ ఉంది అందులో. కింద కో అంకుల్ పేరూ నా పేరూ ఉన్నాయి.

“సరిపోయిందా అంకుల్?”

“ఇంకోసారి చదువు” అన్నాను.

చదివింది. పంపమని చెప్పాను.