నోయ్‌కి వచ్చిన తెలుగు

రవి కుమార్ పేరెత్తితే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. వాడు పురుగుమందుల కంపెనీ ఏజెంటు. "కోటయ్యన్నా, ఈ సీజన్లో టార్గెట్ కొట్టు, థాయిలాండ్‌లో పట్టాయా ట్రిప్పు ఫ్రీ" అన్నవాడు. ఏడో తరగతితో బడి మానేసి ఎరువుల కొట్టు పెట్టుకున్న నన్ను నిలువునా ముంచింది వాడేనని పదకొండేళ్లుగా కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాను.

కొట్టు పోయాక జర్మనీ వచ్చి, జిండెల్ఫింగెన్ అనే ఊళ్లో ఒక ఇండియన్ హోటల్లో వంటవాడిగా చేరాను. నా భార్య మంగ కూడా నాతోపాటే పొద్దుటినుంచీ ఉల్లిపాయలు తరుగుతుంది, పిండి రుబ్బుతుంది. జీతం మాత్రం నా ఒక్కడికే. "మొగుడికి సాయం చేస్తే జీతమేంటమ్మా" అని ఓనరు నవ్వితే నేనూ నవ్వాను.

అంట్లు తోమేది నోయ్. థాయిలాండ్ మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. సెలవులకి అక్కడికి వెళ్లిన ముసలి జర్మనువాడొకడు పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆమె, మంగ వచ్చీరాని జర్మన్‌లోనే కష్టసుఖాలు చెప్పుకుంటారు.

మొన్న శనివారం మధ్యాహ్నం నలభైమంది పార్టీ. మంగ మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. నేను అరిచాను.

"తొందరగా కానీ! ఆ మొహమేంటి, నవ్వు!"

నోయ్ నవ్వింది.

మాకు వీపు పెట్టి తోముతున్న మనిషి చటుక్కున తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. కళ్లలో ఏమీ లేదు. తడిచెయ్యి దానంతటదే ఏప్రాన్ ముడి మీదికి పోయింది. అంతలోనే ఉలిక్కిపడింది. గిన్నె కింద పడింది.

నేను గరిటె తీసుకుని పొయ్యి వైపు తిరిగాను.

"ఈ తెలుగు మాట నీకెట్లా తెలుసు?" మంగ జర్మన్‌లో అడిగింది.

"పట్టాయా. మీవాళ్లు బస్సుల్లో దిగేవాళ్లు. నా పందొమ్మిదో ఏటినుంచి, ఆరేళ్లు." తర్వాత వేళ్లు మడుస్తూ తెలుగులోనే అంది. "రా. నవ్వు. తొందరగా. పో." అంతే వచ్చు. ఆమె కన్న కూతుర్ని ఊళ్లో తల్లి పెంచిందట. ఆ పిల్ల ఈమెని అక్కా అని పిలుస్తుందట.

మంగ నా వైపు తిరిగింది.

"పెళ్లయి ఇరవై రెండేళ్లు. నీ దగ్గర నాకూ ఆ నాలుగేగా దక్కినయ్యి."

నేను కింద పడ్డ గిన్నె తియ్యడానికి వంగాను.

"ఆ ట్రిప్పుకి పోయినప్పుడు కంపెనీ మీటింగన్నావు. బుద్ధుడి గుడి చూపిచ్చారన్నావు. నా మోకాలికి బామ్ డబ్బా తెచ్చావు. ఊరుగాని ఊళ్లో నన్ను తలుచుకున్నాడని మురిసిపోయి, అయిపోకుండా గోటితో తీసి ఆర్నెల్లు రాసుకున్నా. ఏమయ్యా, ఆ బస్సులో నువ్వూ దిగావా?"

"ఆ రవి కుమార్ గాడే..."

"వాణ్ణి అవతల పెట్టు. గది దాకా నిన్ను సంకనెత్తుకుని తీసకపోయాడా వాడు?"

మంగ ఏప్రాన్ విప్పింది. మడిచి, సగం తరిగిన ఉల్లిపాయల పక్కన పెట్టింది. "ఓనర్ని పిలు. నా చేతికి జీతం ఇచ్చేదాకా ఈ కత్తి ముట్టను. ఈలోపు నువ్వొకటి చెప్పు. ఆ టార్గెట్ దేంతో కొట్టావు?"

అందరికీ చెప్పుకున్న కథ ఆమె ముందు నోట్లోంచి రాలేదు. టార్గెట్ నిండటానికి అమ్ముడుపోని మందు డబ్బాలు కొన్నది నేను. మంగకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చేను తాకట్టు పెట్టి కొన్నాను, అది మళ్లీ చేతికి రాలేదు. కాగితంలో ఏముందని ఆమె అడిగితే, "తొందరగా పెట్టు సంతకం" అన్నాను.

ఎకరం డెబ్బై సెంట్లు.