బడ్లాంగ్ గుర్రాలు తెచ్చిన మొదటి రకం

గుడ్రన్ బండి ఇంకా పూర్తిగా ఆగనేలేదు. ఆమె గోధుమలు మూడో రకమని క్రిమ్మిన్స్ తేల్చేశాడు.

వెనక బండి నాదే. అంతా చూశాను. క్రిమ్మిన్స్ గింజను ముట్టుకోలేదు. గుర్రాలను మాత్రం చూశాడు. ఒకటి నల్లది, ఒకటి చెవి చీలిన ఎర్రది. ఆ జత ఎవరిదో మా డకోటా మైదానంలో పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ మనిషికంటే ముందు గుర్రాలు కనిపిస్తాయి. అల్లంత దూరాన జతను చూసే పొయ్యి మీద కాఫీ పెట్టాలో, తలుపు గడియ వేసుకోవాలో నిర్ణయించుకుంటాం.

క్రిమ్మిన్స్ కంపెనీ గిడ్డంగిలో గింజ చూసి రకం కట్టే మనిషి. పద్ధతి ప్రకారం పిడికెడు గోధుమలు తీసి, వాసన చూసి, నమలాలి. మంచి గింజ నోట్లో బంకలా సాగుతుంది. ముక్కిన గింజ పిండై పోతుంది. అతను అదేమీ చేయలేదు.

"ఒకసారి నమిలి చూడండి," అంది గుడ్రన్.

"నీ ఉపన్యాసాలు విన్నానుగా తల్లీ. నీ దగ్గర పొట్టు ఎక్కువని అప్పుడే తెలిసింది," అన్నాడు అతను. తూకం దగ్గరున్నవాడు పళ్లికిలించాడు.

అసలు సంగతి అదే. గుడ్రన్ ట్వైట్ భర్త మంచు తుఫానులో పోయాడు. అప్పటినుంచి ఒంటరిగానే సేద్యం చేస్తోంది. ఆ వేసవిలో రైతుల కూటమి సభలో బండెక్కి మాట్లాడింది. రైలు కంపెనీ, గిడ్డంగి కంపెనీ ఒకే జేబులో రెండు చేతులని చెప్పింది. గింజ నింపే రైలు పెట్టెలు గిడ్డంగి కంపెనీకి తప్ప ఇంకెవరికీ రైలువాళ్లు ఇవ్వరు. ఇంకో గిడ్డంగికి వెళ్లాలంటే గుర్రాలు దారిలోనే కూలిపోతాయి. ఆ ఉపన్యాసం తర్వాత ఆమె గింజ మొదటి రకం కాలేదు.

ఈసారి మూడో రకం ధరకు అమ్మితే బ్యాంకు బాకీ తీరదు. సోమవారం ఆమె పొలం వేలం. షెరీఫ్ నోటీసు పోస్టాఫీసు గోడకు అంటించే ఉంది. ఆ పొలం ఎవరు కొంటారో బ్యాంకు మేనేజరు అప్పుడే ఊళ్లో చెప్పుకుంటున్నాడు కూడా.

గుడ్రన్ అమ్మలేదు. బండి తిప్పేసింది. నేనూ వరుసలోంచి బయటికొచ్చి కమ్మరి కొట్టం వెనక్కి ఆమె వెంట వెళ్లాను. ఆమె ఏడవడం లేదు. చెయ్యి గోధుమల్లోకి దూర్చి పిడికిలి బిగించి నిలబడింది.

అప్పుడే ఆల్మైరా బడ్లాంగ్ అటుగా వచ్చింది, కిరసనాయిలు కొనుక్కుని. ఆమె భర్త ఫీనియస్ పొలం గుడ్రన్ పొలానికి కంచె అవతలే. ఫీనియస్ అన్న అధికార పార్టీ కమిటీలో ఉన్నాడు. ఫీనియస్ ఏం తెచ్చినా మొదటి రకమే. జరిగింది చెప్పాను. ఆల్మైరా ముఖం ఎర్రబడింది. గుడ్రన్‌కు విత్తనాలు అమ్మింది తామేనని, రెండు పొలాల పంటా ఒకే యంత్రంలో నూర్చారని చెప్పింది. తర్వాత తన బండి వైపు చూసింది. దానికి కట్టినవి ఫీనియస్ బూడిదరంగు గుర్రాలు.

"మా ఆయన పార్టీ మీటింగుకి పోయాడు. సాయంత్రందాకా రాడు. ఆయన తోలు కోటు కూడా బండిలోనే పడుంది," అంది నెమ్మదిగా.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. దొరికితే మోసం కేసు పెడతారు. పొలంతో పాటు పరువూ పోతుంది. ఆ మాట నేను అన్నాను. గుడ్రన్ వినిపించుకోలేదు. అప్పటికే నల్లగుర్రం పట్టెడ విప్పుతోంది.

గోధుమలు కదల్లేదు. బండీ అదే. గుర్రాలే మారాయి. గుడ్రన్ ఫీనియస్ అడవిదున్న తోలు కోటు వేసుకుంది. టోపీ కిందికి లాగి, కళ్లదాకా మఫ్లరు చుట్టుకుంది. ఉత్తరపు గాలికి ఆ రోజు మగవాళ్లందరి అవతారం అదే. మళ్లీ వరుసలో చేరాం. ఆమె వెనక నేను.

బూడిదరంగు గుర్రాలు వాలు దారి ఎక్కాయి. క్రిమ్మిన్స్ పైనుంచే చెయ్యూపాడు.

"ఏం ఫీనియస్, ఇంత ఆలస్యం? మొదటి రకం, రాసుకో," అని తూకం మనిషికి చెప్పాడు.

బండి తూకం మీద ఆగింది. గుడ్రన్ మఫ్లరు విప్పింది.

"ఇందాక మీరు మూడో రకమన్న గోధుమలే ఇవి. ఒక్క గింజ మార్చలేదు," అంది, వెనక బండ్లవాళ్లకు కూడా వినిపించేలా.

క్రిమ్మిన్స్ ముఖం పాలిపోయింది. తర్వాత నల్లబడింది. "ఇది మోసం," అన్నాడు.

"ఎవరిది?"

అతను షెరీఫ్‌ను పిలిపిస్తానన్నాడు. నేను బండి బ్రేకు గట్టిగా బిగించాను. నా వెనక ఐజక్ వూర్‌హీస్ బిగించాడు. అతని వెనకవాడూ బిగించాడు. వాలు దారి నుంచి పట్టాలదాకా బండ్లు నిలిచిపోయాయి. లోపల పట్టాల మీద ఖాళీ రైలు పెట్టెలు గింజ కోసం ఎదురు చూస్తున్నాయి. సాయంత్రం రైలుకు అవి వెళ్లాలి.

"పిలవండి సార్, రమ్మనండి. వచ్చే నెల ఎన్నికలు. ఆయనకూ ఓట్లు కావాలిగా," అన్నాడు ఐజక్.

ఎవరూ కదల్లేదు. క్రిమ్మిన్స్ చాలాసేపు వరుసను చూశాడు. చివరికి దిగివచ్చి గోధుమల్లో చెయ్యి పెట్టాడు. నోట్లో వేసుకుని నమిలాడు. ఆ దవడలు ఆడుతున్నంతసేపూ గుడ్రన్ అతని కళ్లలోకే చూస్తూ నిలబడింది. బంక సాగింది. ముందు బండ్లవాళ్లం అందరం చూశాం.

"మొదటి రకం," అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా. గుడ్రన్ మళ్లీ చెప్పించింది.

ఆమె ఆ డబ్బుతో బాకీ కట్టడానికి నేరుగా బ్యాంకుకు వెళ్లింది. పోస్టాఫీసు గోడమీది నోటీసును ఆల్మైరా గోళ్లతో గీకి తీసింది.

ఇంతటితో గెలిచామనుకుంటే మాదే తప్పు. వారం తిరక్కుండానే క్రిమ్మిన్స్ ఉద్యోగం పోయింది. స్టేషన్లో బట్టల పెట్టెతో కూర్చుని ఉంటే పలకరించాను. ఎవరికి ఏ రకం కట్టాలో తనకు పైనుంచే చెప్పేవారని అన్నాడు. నాకు జాలి కలగలేదు. చెప్పినట్టు చేసే చేతులే ఆ రకాలు కట్టాయి కదా.

కొత్తవాడు పట్నంనుంచి వచ్చాడు. అతనికి మా గుర్రాలు తెలియవు. అందరికీ మూడో రకమే. బూడిదరంగు గుర్రాలు కట్టిన బండికీ మూడో రకమే.

తర్వాతి శనివారం బడిలో కూటమి సభ జరిగింది. ఫీనియస్ బడ్లాంగ్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కంపెనీ దొంగలని, రైతుకు న్యాయం లేదని మా అందరికంటే పెద్ద గొంతుతో అరిచాడు. ఏళ్ల తరబడి మా కళ్లముందే మొదటి రకం ధర తీసుకుంటూ నోరు మెదపని మనిషి. బయటికి గెంటమని నేనే లేచాను.

గుడ్రన్ బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది.

"మనకు ఓట్లు కావాలి ఆరిన్. కూర్చో," అంది నాతో.

కూర్చున్నాను, కానీ నా కోపం చల్లారలేదు. ఆల్మైరా మొదటి బెంచీలో ఉంది. అప్పటికే చందా కట్టి సభ్యురాలైంది. భర్త గొంతు విని కూడా వెనక్కి తిరగలేదు.