సబ్బునీళ్ళ లిల్లీలు

కొత్త పాస్టరుకు ప్రసంగం మధ్యలో చెమట పట్టిందంటే ఎవరికో మూడిందన్నమాటే. ఆ ఆదివారం మూడింది ప్లాస్టిక్కుకి.

"దేవుడిచ్చిన భూమిని చెత్తకుండీ చేసేశాం! ఒక్క ప్లాస్టిక్ ముక్క మట్టిలో కలవాలంటే నాలుగు వందల ఏళ్ళు పడుతుంది!" అంటూ ఎదురుగా ఉన్న బల్లను గుద్దాడు. ముందు వరుసలో కునుకు తీస్తున్న సంఘపెద్ద ఉలిక్కిపడి "ఆమేన్" అన్నాడు. దేనికి ఆమేన్ అన్నాడో ఆయనకే తెలియాలి.

ఆ గుద్దు తిన్నగా వచ్చి పూలమామ్మకు తగిలింది. బలిపీఠం మీద రెండు కూజాల్లో ఉన్న లిల్లీలు ఆవిడవి, అచ్చమైన ప్లాస్టిక్‌వి. పందొమ్మిదేళ్ళ కిందట భర్త శవపెట్టెను ఈ చర్చిలోకి తెచ్చిన రోజున బలిపీఠం మీద ఒక్క పువ్వు లేదు. ఆ బోసితనం చూసి ఆవిడకు మరింత ఏడుపొచ్చింది. నెల తిరక్కుండా లిల్లీలు కొనుక్కొచ్చి పెట్టింది. అప్పటినుంచీ ప్రతి శనివారం పొద్దున్నే తన తాళంచెవితో తలుపు తీసి, సబ్బునీళ్ళ బేసిన్ ముందేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రేకు రేకూ తోముతూ భర్తతో మాట్లాడుకుంటుంది. బతికుండగా చెవిన పెట్టని మాటలన్నీ పాపం ఆయన ఇప్పుడు వినక తప్పదు.

ఆరాధన కాగానే పాస్టరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి. ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. ఇకనుంచి తాజా పూలు తెప్పిద్దాం. శనివారాలు మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి సమాధిలో ఎలాగూ ఉంది అయ్యగారూ. తొందరేముంది?"

ఆయన నవ్వేశాడు. సంఘపెద్ద లిల్లీలను గోనెసంచిలో కుక్కి సామాన్ల గదిలో పడేశాడు. తాళంచెవి కూడా అడిగి పుచ్చుకున్నాడు.

తాజా పూలు వచ్చాయి. గుత్తి గుత్తికీ ప్లాస్టిక్ కాగితం, దానిమీద ప్లాస్టిక్ రిబ్బను, కాడ కాడకీ చిన్న నీళ్ళ గొట్టం, అదీ ప్లాస్టిక్కే. గురివింద గింజకు తన నలుపు తెలియదన్నట్టు, అదంతా ఒలిచి వెనక చెత్తడబ్బాలో తోసి, లోపలికొచ్చి భూమికోసం ప్రార్థన చేసేవారు. మంగళవారానికల్లా పూలు తలలు వాల్చేసేవి.

మామ్మ చూసింది. ప్రతి ఆదివారం అందరూ వెళ్ళాక డబ్బాలోంచి ఆ ప్లాస్టిక్కంతా ఏరుకుని ఇంటికి తీసుకెళ్ళి, శనివారం కడిగి తీగమీద ఆరేసేది. చేతులకు పనైతే దొరికింది కానీ, చర్చిలోలాగా భర్తతో మాటలు సాగలేదు. ఆయన రెండోసారి పోయినట్టనిపించింది.

రెండు నెలలకు పాస్టరుకు ఇంకో ఆలోచన తట్టింది. ప్లాస్టిక్ ఒప్పుకోలు ఆదివారం! ప్రతి ఇంటివాళ్ళూ వారంలో వాడిన ప్లాస్టిక్కంతా తెచ్చి బలిపీఠం ముందు పెట్టాలి. పాపాలు ఒప్పుకునేటప్పుడు చేసే పనే చేశారు జనం. పెద్దవి ఇంట్లో దాచి చిన్నవి పట్టుకొచ్చారు. ఇంట్లో తొమ్మిదిమందున్న సంఘపెద్ద ఒకే ఒక్క పాల పాకెట్టు తెచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

అందరికన్నా వెనక మామ్మ రెండు సంచులు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మరించింది. మడతపెట్టిన కాగితాలు, ఉండలు చుట్టిన రిబ్బన్లు, నీళ్ళ గొట్టాలు.

పాస్టరు నోరు వెళ్ళబెట్టాడు. "ఇదంతా మీ ఒక్కరిదేనా మామ్మగారూ?"

"నాది కాదు అయ్యగారూ. దేవుడింటిది. రెండు నెలల పూలకి."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సంఘపెద్ద ఈసారి మెలకువగానే ఉన్నాడు, ఆమేన్ మాత్రం అనలేదు. ఎంతైనా పాస్టరు మంచివాడే. చెమట తుడుచుకుని, తనే సామాన్ల గదికి వెళ్ళి గోనెసంచి మోసుకొచ్చాడు. సంఘపెద్ద జేబులోంచి తాళంచెవీ ఇప్పించాడు.

శనివారం మామ్మ వచ్చేసరికి ఆయన బేసిన్ దగ్గర చొక్కా చేతులు పైకి మడిచి కూర్చునున్నాడు.

"ఇవి ఇంకా ఎన్నాళ్ళు వస్తాయి మామ్మగారూ?"

"నాలుగు వందల ఏళ్ళని మీరేగా చెప్పారు. పందొమ్మిది నేను తోమాను." టూత్‌బ్రష్ ఆయన చేతిలో పెట్టింది. "మిగతా మూడు వందల ఎనభై ఒకటికీ మనిషిని చూడండి. ముందు మీరు నేర్చుకోండి. ఊఁ, రేకు విరక్కుండా!"