తడారని బాయిలరు

ఆవిరాయన పోయి నాలుగు నెలలైంది. లేత్ మిషను మీద బతికిన మనిషి. పనిలేని పూటల్లో బొమ్మ ఆవిరి ఇంజన్లు చేసేవాడు కాబట్టి వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. పెళ్ళాం, పిల్లలు లేరు. చివరి ఆర్నెల్లూ చెల్లెలింట్లో, వెనక గదిలో గడిపాడు. చెల్లెలు బట్టలు కుడుతుంది, అందరికీ టైలరమ్మే. ఇంజన్లన్నీ తెలిసినవాళ్ళకి ఇచ్చేసి, ఒక్కటి మాత్రం ఉంచుకున్నాడు. జానెడు రాగి బాయిలరు, పక్కన ఇత్తడి చక్రం.

దాన్ని తీసుకుంటానని రిటైరైన స్టేషన్ మాస్టరు ముచ్చటపడి వచ్చాడు. ఆదివారం పొద్దున టైలరమ్మ నడిపి చూపించింది. చక్రం చకచకా తిరిగింది.

"మా మనవరాలు దీని మీంచి మొహం తియ్యదమ్మా," అని మురిసిపోయి, వచ్చే ఆదివారం పట్టుకెళ్తానని వెళ్ళాడు.

ఆయనటు వెళ్ళగానే ఆవిడ మిగతా పని మొదలెట్టింది. అన్న తిట్టి మరీ నేర్పిన పని అది. "చల్లారేదాకా కూర్చోకే. గోరువెచ్చగా ఉండగానే వంచెయ్యాలి, ఆ వేడికే లోపలి తడి ఆరిపోతుంది. మిగిలిన చుక్క చెదపురుగు లాంటిది, కూర్చుని తినేస్తుంది." స్పిరిట్ దీపం ఆర్పి, ఈల మూగబోయేదాకా ఆవిరి వదిలింది. మూత విప్పి, బోర్లించి, చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. మూత పక్కన పెట్టి, కిటికీ కింద కాగితం మీద ఆరబెట్టింది.

సోమవారం పొద్దున గుడ్డలో చుడదామని ఎత్తితే బరువుగా తగిలింది. లోపల గుడగుడ. గ్లాసులోకి వంచితే ముప్పావు గ్లాసు నీళ్ళు వచ్చాయి, అవీ వెచ్చగా.

ఇది మొగుడి వేళాకోళమే అనుకుని నిలదీసింది.

"నా స్నానానికి నీళ్ళు పట్టుకోడానికే నాకు బద్ధకం. నీ బాయిలరుకి పడతానా?" అన్నాడాయన.

ఆ మాట నిజమే. మళ్ళీ ఆరబెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి కుట్టుమిషను సొరుగులో దాచింది. మంగళవారం తెరిచేసరికి బాయిలరు నిండుగా ఉంది. పైగా మూత బిగించి ఉంది. గుడ్డ పట్టుకుని తిప్పితే గాని రాలేదు. ఆ ఇంట్లో అంత గట్టిగా బిగించే చెయ్యి ఒక్కటే ఉండేది.

ఆ నీళ్ళూ వంచి, మూత తీసి ఆరబెట్టి, బుధవారం మధ్యాహ్నం కుట్టుమిషను ఆ గదిలోకే లాక్కొచ్చి కూర్చుంది. మొగుడు గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు. దారం మార్చడానికి మిషను ఆపినప్పుడు వినపడింది, ఇరుకు మూతిలోకి సన్నని ధార పడుతున్న చప్పుడు. నిండుతున్నకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతోంది. టైలరమ్మ తలెత్తలేదు. సూది కన్నం వైపే చూస్తూ ఉండిపోయింది. ధార ఆగింది. తర్వాత మూత తిరిగింది, కిర్రు, కిర్రు, చివర్లో ఇంకో పావు తిప్పు.

గోడ దగ్గర మొగుడు కళ్ళు తెరిచే ఉన్నాడు.

"నాకేం వినపడలేదు. నీక్కూడా వినపడలేదని చెప్పు," అన్నాడు.

ఈసారి ఆవిడ నీళ్ళు వంచలేదు. దగ్గరికెళ్ళి చూసింది. బాయిలరు వెనక వైపు మూసిన రాగి బిళ్ళ అతుకు కింద కాగితం మీద రూపాయి బిళ్ళంత తడి. వేలితో అతుకు తుడిచింది. కాసేపటికి మరో చుక్క పొడుచుకొచ్చింది. తుడిచింది. మళ్ళీ వచ్చింది. నీళ్ళు ఎవరు పోస్తేనేం, కారడం మాత్రం కళ్ళెదుటే ఉంది.

బాయిలరుని అలాగే సంచీలో పెట్టుకుని, అన్నతో కలిసి పనిచేసిన వెల్డరు షెడ్డుకి వెళ్ళి, ఆదివారం నడిపానని, ఇప్పుడు కారుతోందని చెప్పింది. ఆయన దానికి ఒత్తిడి చూపే ముల్లున్న చేతిపంపు తగిలించి నెమ్మదిగా నొక్కాడు. ముల్లు సగం దాకా కూడా పోలేదు, అతుకు విచ్చుకుని నీళ్ళు ఎదుటి గోడకి కొట్టాయి.

"మొన్న ఎలా నిలబడిందో గాని, నీ అదృష్టం తల్లీ. నిప్పు మీద ఉండగా విచ్చుకుంటే ఎదురుగా ఉన్న మొహం మిగిలేది కాదు."

స్టేషన్ మాస్టరు మనవరాలు గుర్తొచ్చి ఆవిడ అక్కడే పీట మీద కూలబడింది. జరిగినదంతా చెప్పింది. వెల్డరు నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆస్పత్రికి పోయే ముందు రోజు మీ అన్న నాకు ఫోన్ చేశాడు. 'అతుకు మీద అనుమానంగా ఉందిరా, నీళ్ళు నింపి ఒక రోజు ఉంచి చూస్తా' అన్నాడు. చూశాడో లేదో నేను మళ్ళీ అడగనేలేదు."

వెల్డరు పాత బిళ్ళ తీసేసి, కొత్తది వెండి టంకంతో అతికించి, మామూలుకి రెండింతల ఒత్తిడి పెట్టి చూసి ఇచ్చాడు. శనివారం పొద్దున టైలరమ్మ ఇంజను మళ్ళీ నడిపింది. గోరువెచ్చగా ఉండగానే వంచింది, ఊపింది, మూత తీసి ఆరబెట్టింది. గదికి తాళం వెయ్యలేదు.

ఆదివారం పొద్దున్నే లేచి వెళ్ళి చూసింది. తేలిగ్గా ఉంది. వేలు పెట్టి చూస్తే లోపల పొడిగా గరగర. కాగితం మీద మరక లేదు. బాయిలరుని చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడింది. మొగుడు గుమ్మంలోకొచ్చి చూశాడు.

"ఆరిందిగా. ఇంకేం కావాలే నీకు?"

"ఇంక రాడు," అందావిడ. అన్న పోయిన రోజున కూడా రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది.