నీలం దీపం వెలిగాక

పొద్దున్నే కూతురు స్టూడియోలో వాయించి రికార్డు చేసిన ఫైలు ఒకటి పంపింది. దాంతోపాటు ఒక సందేశం. "నాన్నా, నువ్వు చేసిచ్చిన వయొలినే. పై స్వరాల్లో ఏదో జుయ్యిమంటోంది, ఎక్కడి నుంచో అంతుచిక్కట్లేదు. రేపు పదింటికి ఆర్కెస్ట్రావాళ్ల ముందు వాయించాలి. విని, సాయంత్రంలోగా చెప్పు."

ముప్ఫయ్యేళ్లుగా వయొలిన్లు చేస్తున్న మేస్త్రికి ఇది చిటికెలో పని. చెక్క అతుకు విడిందంటే వయొలిన్ విప్పాలి, రేపటి అవకాశానికి నీళ్లొదులుకోవాలి. ఇంకేదైనా అయితే గండం గడిచినట్టే. తేల్చాల్సింది చెవి.

కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటను శబ్దంగా మార్చే డ్యాక్ అతని దగ్గరుంది. అగ్గిపెట్టంత పెట్టె. మామూలు పాటకు పచ్చ దీపం, స్టూడియో ఫైలు పూర్తి వివరాలతో వస్తే నీలం దీపం వెలుగుతాయి. కూతురి ఫైలు పెట్టి ఎంతసేపు చూసినా పచ్చదే. వయొలిన్ పలక్కపోతే ముందు తీగ మార్చే మనిషి కదా, ఇక్కడా వైర్లు మార్చాడు. మూడు వైర్లయ్యాయి. చివరికి కంప్యూటర్లు బాగుచేసే బావమరిదికి ఫోన్ చేశాడు.

"వైర్ల జోలికి పోకు బావా. కంప్యూటర్ అన్ని శబ్దాల్నీ ఒకే కొలతకి మార్చి పంపుతోంది. ప్లేయర్ సెట్టింగుల్లో డ్యాక్ పేరు ఎంచుకుని, ఎక్స్‌క్లూజివ్ అన్నచోట టిక్ పెట్టు. ఇక మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టరు."

టిక్ పెట్టగానే నీలం దీపం వెలిగింది. మేస్త్రి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కమాను తీగను తాకడం, దానికి ముందు కూతురు ఊపిరి తీయడం కూడా వినబడ్డాయి. జుయ్యిమన్నది మాత్రం లేదు. మూడుసార్లు విన్నాడు.

"పిల్ల ఊరికే కంగారుపడుతోంది" అన్నాడు భార్యతో.

"ఏదీ, ఇలా ఇవ్వండి." ఆవిడ నిమిషమైనా వినలేదు. "ఇదిగో, ఈగ ముసిరినట్టు. మీకు వినబడట్లేదా?"

ఇంతసేపూ తప్పు వైరుదన్నాడు, కంప్యూటర్‌దన్నాడు. ఇక అనడానికి ఏదీ మిగల్లేదు. మేస్త్రికి నిజంగానే భయమేసింది. చెవి పోయిన మేస్త్రి దగ్గరికి వయొలిన్ ఎవరు తెస్తారు? ఏమీ లేదని కూతురికి చెప్పేసినా అడిగేవాళ్లు లేరు. కానీ రేపు వాయించాల్సింది ఆ పిల్ల.

భార్యను కుర్చీలో కూర్చోబెట్టాడు. "వినబడినప్పుడల్లా చెయ్యెత్తు" అని, స్వరాల కాగితం ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్లలో ఒక వైపు తన చెవికి ఆనించుకున్నాడు. ఆవిడ నాలుగుసార్లు చెయ్యెత్తింది. నాలుగుసార్లూ ఒకే స్వరం దగ్గర. అతుకు విడితే చుట్టుపక్కల స్వరాలన్నీ గోల చేస్తాయి. ఒక్కదాని దగ్గరే అంటే ఏదో చిన్న లోహపు ముక్క వదులైందన్నమాట.

కూతురికి ఫోన్ చేశాడు. "సన్న తీగ చివర శ్రుతి సరిచేసే మర ఉందే, దాని కింద నట్టు బిగించి చూడమ్మా."

కాసేపటికి ఆ పక్క నుంచి నవ్వు వినబడింది. "పోయింది నాన్నా. ఎంతైనా నీ చెవే చెవి."

భార్య అతని మోచెయ్యి పట్టుకుని, ఊరుకొమ్మన్నట్టు తలూపింది.

"విన్నది నేను కాదమ్మా, మీ అమ్మ" అన్నాడు మేస్త్రి. "నాకు వినబడలేదు."



"రేపు వాయించేసి ఇంటికొస్తా. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది కూతురు. "ఈలోగా అమ్మని పక్కన కూర్చోబెట్టుకో. ఎవరి వయొలినూ వెనక్కి పంపకు నాన్నా."