గుండ్రటి నట్టు

నాలుగో పట్టకారు కూడా జారింది. జారుతూ రేడియో ఒంటి మీద ఇంకో గీత పెట్టింది. అతను ఆ గీతను బొటనవేలితో రుద్దాడు. రుద్దితే పోయేది కాదని ముప్పై ఏళ్ల అనుభవం చెబుతూనే ఉంది.

ఇయర్‌ఫోన్ పిన్ను గుచ్చే సాకెట్‌ను డబ్బాకు బిగించి పట్టుకునే నట్టు అది. మామూలు నట్టుకు ఆరు పలకలుంటాయి, పానా పడితే తిరుగుతుంది. ఇది చొక్కా గుండీలా గుండ్రంగా ఉండి, ఎదురెదురుగా రెండు గాట్లతో వెక్కిరిస్తోంది. ఆ గాట్లలో ఒకేసారి కూర్చునే రెండు పళ్ల పనిముట్టు కావాలి. అది లేకుండా చెడిపోయిన సాకెట్ ఊడి రాదు.

రేడియో బావది. అక్క మొగుడు. నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి చెవులు దానికే ధారపోశాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా మొరాయించి మంచం పట్టాడు. చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చుకుంటే తప్ప ఏమీ వినపడదు. పొద్దున రేడియో అందిస్తూ, "సాయంత్రానికి తెస్తావా?" అన్నాడు.

"చూద్దాం బావా."

బావ పెదాలు చూసే చదివేశాడు. "నీ చూద్దాం నాకు తెలీనిదా? దానికి గుండ్రటి నట్టుంటుంది. నీకు సరైన పనిముట్టు దొరికేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది." నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నాడు.

ఫైర్ స్టేషన్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఈ గదిలో అందరికీ అతను చూద్దాంగారే. ప్రమోషన్ పరీక్ష రాయమంటే చూద్దాం. పెళ్లి సంబంధాలొస్తే చూద్దాం. చూద్దాం చూద్దాం అంటుండగానే ఆ అమ్మాయిల కూతుళ్లు పెళ్లీడుకొచ్చారు. ఏ పనికైనా తగిన పనిముట్టు ముందు దొరకాలి అతనికి. దొరక్కపోతే బావ ఏ ఇనుపముక్కో అరగదీసి చేతిలో పెట్టేవాడు. అతని పెట్టెలో సగం అలా వచ్చినవే. ఇవాళ మంచంలో ఉన్న మనిషిని ఏమని అడగడం?

భోజనం డబ్బా విప్పకుండానే స్టోర్‌కు వెళ్లాడు. గుమస్తా డ్రాయర్లన్నీ లాగి చూపించి, "పై ఆఫీసుకు ఇండెంట్ పెడితే మూడు నెలలకొస్తుందండీ. లేదంటే సుత్తి పెట్టి రెండు తగిలించండి, అదే వస్తుంది," అన్నాడు. సుత్తి దెబ్బకు లోపలి బోర్డు పగులుతుందని ఇతని భయం. ఎండలో పడి మూడు కొట్లు తిరిగాడు. ఒకచోట పళ్ల మధ్య ఎడం ఎక్కువ, ఇంకోచోట పళ్లు మందం. మూడో కొట్టువాడు నట్టు చూసి, "ఇది విప్పడానికి చేసింది కాదండీ," అన్నాడు. నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ వెనక్కి వచ్చేసరికి మూడయింది.

అప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది. పాత స్క్రూడ్రైవర్‌ను బల్ల మీది వైస్ దవడల్లో బిగించి, ఆకురాయితో కొనను మధ్యలో అరగదీయడం మొదలుపెట్టాడు. తానుగా ఒక పనిముట్టు చేసుకోవడం ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. వేలి తోలు లేచింది. ఒక పన్ను పొట్టిదయింది. అయినా గాట్లలో కూర్చుంది. ఊపిరి బిగబట్టి తిప్పితే నట్టు కదిలింది. కొత్త సాకెట్ పెట్టి తిరిగి బిగించబోతే పొట్టి పన్ను విరిగింది. నట్టు వేళ్లతో తిప్పినంతవరకే బిగిసింది. ఇయర్‌ఫోన్‌లో వార్తలు నిక్షేపంగా వినిపించాయి. ఈ మాత్రం చాలు, మిగతాది బావే తిట్టుకుంటూ చేసుకుంటాడు అనుకున్నాడు. బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాడు.

అక్క గుమ్మంలో ఉంది. "మూడింటికి పోయాడురా," అంది. "నిద్రపోతున్నాడనుకున్నాను."

అతను రేడియోను పొట్టకు అదుముకుని నిలబడిపోయాడు. మూడింటికి తాను ఆకురాయి పట్టాడు. పొద్దున్నే పట్టి ఉంటే మధ్యాహ్నానికల్లా ఇచ్చేవాడు. సిగ్గుతో అక్క ముఖం చూడలేకపోయాడు.

"నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఊరుకోలేదురా. ఆకురాయి ఇమ్మన్నాడు. దిండుకు ఆనుకుని మధ్యాహ్నం దాకా గీకుతూనే ఉన్నాడు. ఏంటది అని సైగ చేస్తే, 'మీ తమ్ముడు సాయంత్రం వట్టి చేతుల్తో వస్తాడే, వాడికి' అన్నాడు."

బావ తలగడ పక్క స్టూలు మీద మందు తాగే చెంచా ఉంది. దాని కాడ కొన రెండు పళ్లుగా చీలి ఉంది. రేడియో చేతిలో లేకుండానే, గుర్తున్న కొలతతో చేశాడు. అతను మంచం పక్కన కూర్చుని ఆ పళ్లను నట్టుకు ఆనించాడు. గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. పావు తిప్పు తిప్పగానే నట్టు బిగిసింది.

చెంచా గుంటలో పొద్దుటి మందు ఎర్రగా ఎండిపోయి ఉంది.