తాళం వేసిన ఇల్లు

నేను ఒక ఇనుప తాళం కప్పను. ఇప్పుడు పాత ఇనుము కొట్లో పడి ఉన్నాను గానీ, ఒకప్పుడు విశాఖపట్నంలో ఓ సామాన్ల కొట్లో నిగనిగలాడుతూ వేలాడినదాన్నే. మనుషులకు ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటే మా జాతి పుట్టేదే కాదు.

పైడిరాజు నన్ను కొన్నది ఇల్లు వచ్చాక కాదు, సర్కారు ఇంటికి దరఖాస్తు పెట్టిన రోజునే! కొత్త పెళ్లికొడుకు కదా, తొందర. "తాళం కొనీసినాను, ఇంక ఇల్లే రావాల" అని పెళ్లాం గౌరీశ్వరిని నవ్వించాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ట్రంకుపెట్టెలో మగ్గాను. వాళ్లుంటున్న కొంపకు ఉన్నది ఒకటే గది. మధ్యన చీర అడ్డం కట్టి ఇటు వీళ్లిద్దరూ, అటు అత్తగారూ, బావగారి సంసారమూ. వీళ్లు గుసగుసలాడినా అటునుంచి ఎవరో ఒకరు దగ్గేవారు. గౌరీశ్వరికి మొదటి కడుపు ఆ గదిలోనే పోయింది. ఏడవడానికైనా చాటు లేదు, పాపం. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

చివరికి ఊరవతల కాలనీలో ఇల్లు వచ్చింది. అప్పటికి ఆమెకు మళ్లీ ఆరో నెల. ఈ బిడ్డనైనా సొంత గదిలో పడుకోబెట్టుకోవాలని ఆమెకు ఒకటే ఆరాటం. పైడిరాజు రేపే పోదామన్నాడు. అత్తగారు అడ్డుపడింది.

"కడుపుతో ఉన్న పిల్ల కొత్తింట్లో పాలు పొంగించకూడదురా. పురుడెల్లినాక ఎల్దురుగాని."

"నాలుగేళ్లు కాసుకున్నామే అమ్మా! ఇంకా ఏటి ఆగడం?"

గౌరీశ్వరే అతని చెయ్యి పట్టుకుంది. "వద్దయ్యా. ఈ బిడ్డకీ ఏటైనా అయితే నాను బతకనేను. తాళమేసీ. ఇల్లెక్కడికి పోతాది?"

నన్ను ఆ తలుపుకు బిగించి వెళ్లారు. ఆమె పురిటికి పుట్టింటికీ, అతను చేపల వేటకు సముద్రం మీదకీ పోయారు.

ఈలోగా అధికారులు దిగారు. ఇళ్ల కోసం ఏళ్ల తరబడి కాచుకున్న కొత్త జంటలకు త్వరగా ఇళ్లివ్వాలని పైనుంచి ఉత్తర్వట. కొత్తవి కట్టడం కంటే తాళం వేసినవి లాక్కోవడం సులువు కదా! "అవసరం ఉన్నోడు తాళమేసుకుని పోతాడా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన నన్ను కుదిపి చూసి. నోటీసు అంటించారు. గడువు దాటాక సుత్తి తెచ్చారు. ఓర్చినంత ఓర్చి విరిగాను. మెట్ల మూలకు విసిరేశారు.

పురిటి మైల తీరాక ముగ్గురూ ఆటోలో వచ్చారు. తలుపు బార్లా తీసి ఉంది, లోపల కూర తాలింపు వాసన. మెడలో పసుపుతాడు ఇంకా మాయని పిల్లొకతె బయటికొచ్చి, సంగతి తెలిసి బెదిరిపోయింది. "మమ్మల్ని ఎల్లిపొమ్మనకక్కా. మాకు ఒక్క గదీ లేక పెళ్లే రెండేళ్లు ఆపుకున్నాం" అని చేతులు జోడించింది.

పైడిరాజు పిడికిలి బిగించాడు. ఎవర్ని కొట్టాలో అతనికి తెలియలేదు. గౌరీశ్వరి నా పక్కనే మెట్టు మీద కూలబడి బిడ్డను గుండెకు అదుముకుంది.

"నీకేటీ అవకూడదనే ఆగానమ్మా" అంది.

లోపలి పిల్ల మెల్లగా తలుపు మూసి గడియ పెట్టుకుంది.